బతికిన గుల్ల తీయరాదు

కొల్లేరు వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ పక్షుల గురించి అడుగుతున్నారు. పక్షులున్నాయి. నన్ను చూసి అవి ఎగిరిపోయాయి, వాటిని చూసి నేను ఆగిపోయాను, అంతటితో మా పరిచయం ముగిసింది. నేను వెళ్ళింది సున్నం కోసం. సున్నానికి వెళ్ళి బాతుతో తిరిగొచ్చినవాణ్ణి తాడేపల్లిగూడెం మొత్తానికి నేనొక్కణ్ణే కాబట్టి ఆ కథ నా దగ్గర వినడమే మంచిది. మా నాన్నగారి దగ్గర వింటే అందులో బాతు ఒక్కటే ఉంటుంది.

కప్పు లేని ఇల్లు

సంక్రాంతి గాదెలు నిండీ నిండకముందే మా నాన్నగారు ఇంటిమీద తాటాకు పీకించేశారు. డాబా వేయిస్తారట. ధాన్యం ధర ఇలా పడిపోయిన రోజుల్లో డాబా ఏమిటండీ అని పెంటపాడు నుంచి కూడా వచ్చి అడిగారు జనం. ధర ఇంకా పడిపోకముందే వేయిద్దామని ఆయన సమాధానం. దూలాలు ఎక్కాయి, ఇటుక దిగింది, తాపీమేస్త్రి తాంబూలం పుచ్చుకున్నాడు. అప్పుడు తెలిసింది, సున్నం లేదని.

అప్పటికే మేమందరం గొడ్ల సావిట్లోకి మారిపోయాం. నాయనమ్మ మంచం ఒక దూడ పక్కన పడింది. ఆ దూడ మొదట్లో కొంచెం అరిచేది. నాయనమ్మతో రెండు రోజులు ఉన్నాక మానేసింది.

రైల్లో వచ్చే రాతి సున్నం తెప్పిస్తానన్నారు నాన్నగారు. నాయనమ్మ వినలేదు. మా తాతగారు తవ్వించిన నుయ్యికి కొల్లేటి ఆల్చిప్పల గుల్ల కాల్చిన సున్నమే వాడారనీ, ఆ నుయ్యి ఇవాళ్టికీ బీట వారలేదనీ, నుయ్యికి పనికొచ్చింది నెత్తిమీద కప్పుకి పనికిరాదా అనీ ఆవిడ వాదన. నాన్నగారు రాతి సున్నం మాట అక్కడితో మానేశారు. ఆ నుయ్యి నీళ్ళే ఆయన రోజూ తాగుతారు.

గుల్ల సున్నం కాల్చేది ఖాసీం సాయిబుగారు. కాలవ ఒడ్డున ఆయన బట్టీ. మా నుయ్యికి సున్నం కాల్చింది వాళ్ళ నాన్న. సాయిబుగారు ఎంత మెల్లగా మాట్లాడతారంటే, నిప్పు నిద్రపోతోంది, లేపకూడదు అన్నట్టుంటుంది. ఆయన వచ్చి సావిడి గడప అవతల నిలబడి, ఈ ఏడు గుల్ల రావడం లేదండీ, సర్కారు ఆర్డరు వచ్చిందండీ అన్నారు. సంగతేమిటంటే, బట్టీలవాళ్ళందరూ కలిసి చచ్చిన గుల్లా బతికిన గుల్లా చూడకుండా కొల్లేరు ఊడ్చేస్తున్నారట. ఇలాగే ఊడిస్తే నాలుగేళ్ళలో గుల్ల అన్నది ఉండదని పైవాళ్ళకి తోచిందట. అందుకని వానలు పడేదాకా బతికిన గుల్ల నీళ్ళలోంచి తీయకూడదు. చచ్చి అడుగున పడి ఉన్న చిప్పలు తీసుకోవచ్చు, దానికి పర్మిట్ ఉండాలి. ఇంటివాళ్ళ తరఫున ఎవరైనా వచ్చి అడిగితే పర్మిట్ తొందరగా ఇస్తారు.

ఇంకో చిక్కు కూడా చెప్పారాయన. ఎండలు ముదిరితే మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు. కట్టేశాక ఏలూరు నుంచి పడవ రాదు. మళ్ళీ నీళ్ళు వదిలే వేళకి వాన తలమీద ఉంటుంది. కాలవ కట్టేలోగా పడవెడు గుల్ల గూడెం చేరితే కప్పు, చేరకపోతే నాయనమ్మా దూడా ఈ వర్షాకాలం కలిసి గడపాలి.

"ఇంగ్లీషు వచ్చినవాడు వెళ్ళాలి" అన్నారు నాన్నగారు నావైపు చూసి. బి.ఏ.లో నేను తప్పింది ఇంగ్లీషులోనే. ఆ సంగతి ఆయన ఏడాదిగా రోజూ గుర్తు చేస్తున్నారు, ఆ ఒక్క క్షణం మాత్రం మరిచిపోయారు.

"ఒరేయ్, గుల్ల లేకుండా వచ్చావంటే నీ మంచం కూడా ఈ దూడ పక్కనే" అంది నాయనమ్మ. నేను దూడ వైపు చూశాను. దానికీ ఇష్టం లేనట్టే ఉంది.

ఏలూరు

ఏలూరులో దిగగానే ఆకలేసింది. సాయిబుగారు తమ చుట్టాలింటికి వెళ్ళారు. వాళ్ళు తివాచీలు నేస్తారు. నేను మా వాళ్ళు వెళ్ళే కాఫీ హోటలుకి వెళ్ళాను. ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీ నీళ్ళగా ఉంది, కాఫీ అణా. మా గూడెంలో ఇదే కాఫీ అర్ధణా. తేడా ఏమిటని అడిగితే ఇది జిల్లా కచేరీ ఉన్న ఊరండీ అన్నాడు సర్వరు. కచేరీ ఖర్చు కాఫీలో వసూలు చేస్తారని నాకు అంతకుముందు తెలియదు.

నా బల్ల ఎదుట ఖద్దరు చొక్కా పెద్దమనిషి ఒకాయన కూర్చున్నారు. ఊరికే ఉండకుండా నేను వచ్చిన పని చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. కొల్లేరు ప్రజల సొత్తనీ, ఉప్పు ఎలాగో గుల్ల అలాగేననీ, పర్మిట్ అడగడమే అవమానమనీ, నేను రేపు ధైర్యంగా నీళ్ళలో దిగి ఒక బతికిన గుల్ల పైకెత్తితే చరిత్రలో నిలిచిపోతాననీ చెప్పారు. ఉప్పు తీసి జైలుకి వెళ్ళినవాళ్ళని మా ఊళ్ళో పూలదండలతో దింపుకున్నారు, నేను స్వయంగా చూశాను. గుల్ల తీసి వెళ్ళినవాణ్ణి దేనితో దింపుకుంటారో ఊహించడానికి ప్రయత్నించాను. మీరూ వస్తారా అండీ అని అడిగితే, తనకి మోకాళ్ళ నొప్పులనీ, నీళ్ళలో దిగకూడదనీ అన్నారు. దేశసేవ విషయంలో చాలామంది మోకాళ్ళ దగ్గరే ఆగిపోతారు.

బయటికి వస్తే సాయిబుగారు వీధిలో నిలబడి ఉన్నారు. ఆయన చొక్కాకి పులావు వాసన. నా చొక్కాకి నీళ్ళ చట్నీ మరక. ఈ దేశంలో ఎవరి హోటలు వాళ్ళది అని నియమం పెట్టినవాళ్ళు మా వాళ్ళే; నష్టపోయిందీ మా వాళ్ళే.

పర్మిట్ ఇచ్చే గుమాస్తాగారు మర్యాదస్తులు. కూర్చోండి అన్నారు. కుర్చీ లేదు. ఆర్డరు చదవమని నాకిచ్చారు. ఎంత వెతికినా అందులో క్రియ ఎక్కడుందో దొరకలేదు. నన్ను ఫెయిలు చేసిన పేపరు కూడా ఇలాగే ఉండేది. చివరికి సారాంశం ఆయనే తెలుగులో చెప్పారు: "బతికిన గుల్ల తీయరాదండి. చచ్చినది తీయవచ్చునండి. లోడులో బతికినది ఒక్కటి కనపడినా లోడంతా జప్తండి."

"చచ్చినట్టు ఎవరు సర్టిఫై చేస్తారండీ, డాక్టరుగారా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "బంట్రోతండి" అన్నారు.

దోనె మీద

కొల్లేరు సముద్రంలా ఉంటుందని ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాళ్ళు వానాకాలంలో వెళ్ళి ఉంటారు. మేం వెళ్ళిన ఎండలకి చాలాచోట్ల మోకాటి లోతే. దోనె వెళుతూ వెళుతూ బురదలో కూర్చుంటుంది. అందరం దిగి దానిని నెడితే మళ్ళీ లేచి నడుస్తుంది. దోనెలో ప్రయాణం చేశామంటే నిజం కాదు. దోనెతో కలిసి ప్రయాణం చేశాం.

దోనె నడిపిన మనిషి, మేం వెళుతున్న లంకలో గుల్ల తీయించే పోలమ్మకి పెనిమిటి. ఆయన మొత్తం ప్రయాణంలో అన్న మాట ఒకటే: "దిగండి బాబూ."

రెండు పక్కలా మనిషెత్తు కిక్కిస గడ్డి. గడ్డి సందుల్లోంచి గూడబాతులు కచేరీ గుమాస్తాల్లా చూస్తాయి. ఎండ నెత్తిమీద కాదు, నీళ్ళలోంచి మొహంమీదికి కొడుతుంది. నేను గొడుగు తెచ్చుకున్నాను. దోనె మూడోసారి బురదలో కూర్చున్నప్పుడు అది నీళ్ళలో పడిపోయింది. దానిని తీద్దామని సాయిబుగారు చెయ్యి పెడితే గొడుగుకి బదులు ఒక పెద్ద గుల్ల చేతికొచ్చింది. ఆయన దానివైపు చూశారు, అది ఠక్కున నోరు మూసుకుంది. బతికినది. సాయిబుగారు మంత్రిస్తున్నట్టు ఏదో గొణిగి, దానిని మళ్ళీ ఉన్నచోటే మెల్లగా పెట్టేశారు. అటు చూశారు, ఇటు చూశారు. గూడబాతులు తప్ప ఎవరూ లేరు.

"ఎవరూ చూడలేదు లెండి" అన్నాను.

"చూస్తే బాగుండేదండీ. పెట్టేశానని సాక్ష్యం ఉండేది" అన్నారాయన.

గొడుగు దొరకలేదు. కొల్లేటిలో ఇప్పుడు ఏదో ఒక గుల్ల దానికింద చల్లగా ఉండి ఉంటుంది.

పోలమ్మ లంక

లంక అంటే నీళ్ళ మధ్య మిట్ట. మేం దిగిన లంకమీద పది గుడిసెలు, వాటి చుట్టూ బాతులు, బాతుల చుట్టూ నీళ్ళు. గుల్ల తీసేవాళ్ళందరికీ పెద్ద పోలమ్మ. నడివయసు మనిషి, నవ్వితే పళ్ళన్నీ కనపడతాయి, నవ్వకుండా ఉండడం నేను ఒక్కసారే చూశాను. సాయిబుగారి నాన్నగారి కాలం నుంచీ వాళ్ళకి గుల్ల ఇచ్చేది ఈ ఇంటివాళ్ళేనట. ఆవిడ ఆయన్ని అన్నా అంటుంది. ఆయన ఆవిడ బాతుల్ని కూడా మీరు అంటారు.

ఆడవాళ్ళు నడుంలోతు నీళ్ళలో వరసగా నడుస్తూ కాళ్ళతో గుల్ల వెతుకుతారు. పైకి చూస్తే ఆకాశంవైపు తిరిగి కబుర్లు చెప్పుకుంటున్నట్టుంటుంది. కాలివేళ్ళు మాత్రం అడుగున పనిలో ఉంటాయి. చచ్చిన చిప్ప దొరికితే కాలితోనే ఎత్తి బుట్టలో పడేస్తారు. బతికినది తగిలితే పక్కకి తన్నేసి ముందుకి నడుస్తారు. ఆర్డరు రాకముందు కూడా పిల్ల గుల్లల్ని ముట్టుకునేవాళ్ళం కాదు బాబూ అంది పోలమ్మ. ఊడ్చేసింది పైనుంచి కాంట్రాక్టు మనుషుల్ని తెచ్చిన బట్టీలవాళ్ళు. "ఆళ్ళు తిన్నారు, మాకు వాతపెట్టారు" అని నవ్వింది.

నేనూ దిగాను. నా కాలికి రెండు రాళ్ళు, ఒక పీత దొరికాయి. రాళ్ళు నేను వదిలేశాను. పీత నన్ను వదలలేదు.

మధ్యాహ్నం భోజనం పోలమ్మ ఇంట్లోనే. ఇంట్లో చెప్పకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. దంపుడు బియ్యం అన్నం, కాల్చిన చేప, చింతచిగురు వేసి వండిన ఇంకో కూర. ఆ కూర గురించి ఏం చెప్పమంటారు. చిగురు పులుపు పైన, కింద ఏదో మెత్తగా, కొంచెం సాగుతూ, రొయ్యకి పెద్దన్నలాంటిది. ఏమిటిది అని అడిగితే కొల్లేటి రొయ్య బాబూ అంది పోలమ్మ. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. సాయిబుగారికి వడ్డించబోతే తనకి చేప చాలమ్మా అన్నారు. ఇంత మంచి కూర వద్దంటారేమిటని జాలిపడి ఆయన వంతు కూడా నేనే తిన్నాను.

భోజనమయ్యాక పోలమ్మ ఒక గిన్నె నిండా అదే కూర, అన్నం మూటగట్టి పక్కన పెట్టింది. ఎవరికని అడిగితే గట్టుమీద బంట్రోతుగారికి అంది. పెళ్ళాంపిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చి ఒంటరిగా గుడిసెలో ఉంటాడనీ, రెండు నెలలుగా ఆయన భోజనం తనింటి నుంచే వెళుతోందనీ చెప్పింది.

గుల్ల రెండు దోనెలకి ఎత్తారు. కడిగిన చిప్పలు ఎండకి వెండిలా మెరుస్తున్నాయి. పోలమ్మ, అమ్మడానికి ఒక బుట్ట బాతులు తీసుకుని మాతోపాటే దోనె ఎక్కింది. ఎక్కేముందు అడిగింది, ఈ గుల్ల దేనికి బాబూ అని. ఇంటి కప్పుకి అన్నాను. ఎవరిల్లు అంది. మాదే అన్నాను, మా నాయనమ్మ పశువుల సావిట్లో ఉందని కూడా చెప్పాను. పోలమ్మ నవ్వు ఆపింది. అప్పుడు నాకు అనుమానం రావలసింది. రాలేదు. కూర మత్తులో ఉన్నాను.

గట్టు దగ్గర

కొల్లేటి గట్టుమీద దోనెల్లోంచి బండ్లలోకి సరుకు మార్చేచోట బంట్రోతు గుడిసె. ఆ బండ్లు ఏలూరు వెళితే అక్కడ మా పడవ సిద్ధంగా ఉంది. పడవ నడిపే సరంగు ముందే చెప్పాడు, ఎల్లుండి కాలవ కట్టేసి లాకులు మూస్తారు, రేపు పొద్దున్నకి గుల్ల రాకపోతే ఖాళీగానే పోతానని.

బంట్రోతు పేరు సూర్యనారాయణ. సర్కారు బిళ్ళ మెరుస్తోంది, మనిషి మాత్రం ఎండిపోయి ఉన్నాడు. ఎక్కడివారండీ అన్నాడు. గూడెం అన్నాను. మాది పెంటపాడండీ అన్నాడు, పొంగిపోయాడు, మా నాన్నగారిని ఎరుగుదునన్నాడు, మా వాళ్ళు గేదెలు ఎవరిదగ్గర కొన్నారో కూడా చెప్పాడు. పని అయిపోయిందనుకున్నాను.

"మన ఊళ్ళవాళ్ళని ఊరికే వదిలేస్తే ఇంకేముందండీ, నలుగురూ నాలుగు మాటలంటారు. మీ సరుకు ఇంకొంచెం బాగా చూడాలండీ" అన్నాడు.

ఆయన పద్ధతి ఇది. ఇత్తడి బేసినులో కొల్లేటి నీళ్ళు పోస్తాడు. కుప్పలోంచి నోరు మూసుకుని ఉన్న గుల్లలు ఏరి అందులో వేస్తాడు. కదపకుండా కూర్చుంటాడు. కాసేపటికి బతికిన గుల్ల కొంచెం నోరు తెరుస్తుంది. పుల్లతో ముట్టుకుంటే టక్కున మూసుకుంటుంది. చచ్చినది తెరిచి ఊరుకుంటుంది, ఎంత పొడిచినా మూయదు. నోరు మూసుకున్నది బతికినది, తెరుచుకుని ఉన్నది చచ్చినది. మనుషుల్లో దీనికి తలకిందులుగా ఉంటుంది కాబట్టి అలవాటు పడడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

ఒక గుల్ల ఎంతకీ తెరవలేదు. మూయలేదు కూడా, ముందే మూసి ఉంది. బంట్రోతు దానిముందు గొంతుక్కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. సాయిబుగారు కూర్చున్నారు. బండ్లవాళ్ళు చుట్టలు ముట్టించారు. చావు ఇంట్లో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదు. చాలాసేపయ్యాక పోలమ్మ వచ్చి, దాన్ని ఎత్తి, రాతికేసి కొట్టింది. లోపల బురద తప్ప ఏమీ లేదు.

"బురదకి రాసుకోండి కేసు" అంది.

బంట్రోతు నవ్వాడు, చేతులు తుడుచుకున్నాడు, వెళ్ళండీ అనబోయాడు. అప్పుడు రెండో దోనె మీదికి చూపు పోయింది. కుప్ప శిఖరాన, అన్నిటికంటే పైన, ఒక పెద్ద గుల్ల. దానికి పసుపు రాసి ఉంది. పసుపుమీద కుంకుమ బొట్టు. చుట్టూ తడి నాచు, అది ఎండకి బాధపడకుండా.

ఆయన దాన్ని రెండు చేతులతో తెచ్చి బేసినులో వేశాడు. అందరం చూశాం. పెళ్ళికూతురు తల ఎత్తినట్టు మెల్లగా నోరు తెరిచింది. పుల్ల తగిలింది. మూసుకుంది.

"ఇదెవరు పెట్టారండీ?" అన్నాడు బంట్రోతు.

"నేనే బాబూ" అంది పోలమ్మ, ఇందులో అడగడానికేముందన్నట్టు. "ఇల్లు కప్పుకోడానికి పట్టుకెళుతున్నారు. అన్నీ చచ్చినవే ఇచ్చి పంపుతామా? ఒక్క పేణం ఉన్నదైనా ఉండద్దా? చచ్చినవాటితో కప్పేస్తే అది ఇల్లవుతుందా, గోరీ అవుతుందా?"

దొంగతనంగా తీసినవాళ్ళు సరుకుని అడుగున దాస్తారు. శుభానికి పెట్టినది మాత్రం నలుగురికీ కనపడేలా పైన పెడతారు, బొట్టుతో సహా. పక్కింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకుండా చిటికెడు పసుపైనా వేసి ఇస్తామే, అలాంటిదే ఇది. పోలమ్మ తాతల నాటి నుంచీ ఇంటికి వెళ్ళే గుల్ల ఏదీ ప్రాణం లేకుండా వెళ్ళలేదట. మా నుయ్యికి వెళ్ళిన గుల్లలో కూడా ఉండే ఉంటుంది. ఈ సంగతి ఆర్డరు రాసినవాళ్ళకి తెలియదు. తెలిసినా రాయడానికి ఇంగ్లీషు దొరికేది కాదు.

లోడంతా జప్తు అని ఆర్డరులో ఉంది. నేను సాయిబుగారి వైపు చూశాను. ఆయన మొహంలో బట్టీ ఆరిపోయింది. నాకు మా నాయనమ్మ కనపడింది, ఆవిడ పక్కన దూడ, వాటికి కాస్త ఎడంగా నా మంచం.

బంట్రోతు కూడా సుఖంగా లేడు. పసుపు పెట్టిన దాన్ని తీస్తే ఇంటికి కీడు, ఆ కీడు తన చేతిమీదుగా జరుగుతుంది. వదిలేస్తే ఉద్యోగానికి కీడు. ఆ గుల్లని రెండు చేతుల్లో పట్టుకుని నైవేద్యం పెట్టడానికి దేవుడు దొరకని పూజారిలా నిలబడ్డాడు. చివరికి బిళ్ళ సర్దుకుని, "పోలమ్మా, నీ పేరు రాయక తప్పదు. బతికిన గుల్లని నీళ్ళలోంచి తీశావు. తీసినవాళ్ళు, మోసినవాళ్ళు, వాడినవాళ్ళు, అందరి పేర్లూ రాయాలి" అన్నాడు.

పోలమ్మ బాతుల బుట్ట పక్కనున్న గిన్నె తీసి, మూత విప్పి, ఆయన ముందు పెట్టింది.

"వాడినవాళ్ళంటే తిన్నవాళ్ళు కూడానా బాబూ?"

చింతచిగురు వాసన గట్టంతా పరుచుకుంది. బంట్రోతు గిన్నెలోకి చూశాడు. ఎప్పుడూ చూసే కూరే. తరవాత చేతిలో గుల్ల వైపు చూశాడు. మళ్ళీ గిన్నెలోకి.

"ఇది రొయ్య కదూ?" అన్నాడు.

పోలమ్మ నవ్వింది. పళ్ళన్నీ కనపడ్డాయి.

"రొయ్యకి కాళ్ళుండద్దా బాబూ? రెండు నెలల్నుంచి ఒక్క కాలైనా కనపడిందా?"

ఆ గట్టుమీద అప్పుడు నోరు మూసుకుని ఉన్నది ఆ గుల్ల ఒక్కటే. బంట్రోతు మొహం చూడలేక నేను నా పొట్టవైపు చూసుకున్నాను. సాక్ష్యం అక్కడుంది. మూడు వడ్డింపులు, సాయిబుగారి వంతుతో కలిపి నాలుగు.

"మీకు తెలుసా?" అన్నాను సాయిబుగారితో.

"తెలుసండీ. అందుకే నేను తినలేదండీ."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"మీరు అడగలేదండీ. తింటుంటే సంతోషంగా ఉన్నారు కూడానండీ" అన్నారాయన, నిప్పు లేపకుండా.

సూర్యనారాయణ గుడిసె అరుగుమీద కూర్చుండిపోయాడు. ఆ మనిషిని చూసి నవ్వాలో వద్దో నాకు తెలియలేదు, నవ్వలేదు. చట్టానికి కాపలాగా పెట్టిన మనిషి రెండు నెలలుగా చట్టాన్ని అన్నంలో కలుపుకు తింటున్నాడు, అదీ ఆకలితో, ప్రేమగా వండిపెట్టినది. పేర్లు రాయడం మొదలుపెడితే మొదటి పేరు పెంటపాడు సూర్యనారాయణది రాయాలి. రెండో పేరు నాది. ఏలూరు కాఫీ హోటలు పెద్దమనిషి ఇక్కడుంటే మా ఇద్దరికీ దండలు వేసేవారు.

సూర్యనారాయణ లేచాడు. గుల్లని పట్టుకుని మెట్లు దిగి మోకాటిలోతు నీళ్ళలోకి వెళ్ళాడు. పసుపు కడగలేదు. బొట్టుతోనే మెల్లగా నీళ్ళలో వదిలాడు, అది మునిగేదాకా చూశాడు, వెనక్కి వచ్చాడు.

"బతికిన గుల్ల లోడులో లేదండి" అన్నాడు నాతో, చాలా మర్యాదగా. తరవాత పోలమ్మ వైపు తిరిగి ఇంకా మర్యాదగా, "రేపట్నుంచి పప్పు పంపు తల్లీ. మిగతావాళ్ళకి కూడా చెప్పు. వానలు పడేదాకా ఎవరూ వండద్దు. నేను ఎవరి వంటిళ్ళలోకీ వచ్చి చూడలేను" అన్నాడు.

పోలమ్మ తలూపింది. ఊపినది విన్నాననడానికో, సరే అనడానికో నాకు తెలియలేదు. సాయిబుగారు బండ్లవాళ్ళని ఎత్తమన్నారు. అంతలో పోలమ్మ అడ్డం నిలబడింది.

"మరి పేణం ఉన్నది?" అంది.

మళ్ళీ మొదటికి వచ్చాం. లోడులో ఇప్పుడున్నవన్నీ చచ్చినవే. అలా పంపడానికి ఆవిడ ఒప్పుకోదు. పెనిమిటిని పిలిచి దోనెలు వెనక్కి తిప్పమనేలా ఉంది. పొద్దు వాలుతోంది, సరంగు ఏలూరులో తాడు విప్పుకునేలా ఉన్నాడు. పర్మిట్‌తోపాటు ఇచ్చిన ఆర్డరు తీయమని నన్నడిగాడు సూర్యనారాయణ. నేను తెరిచాను.

"బతికిన గుల్ల కాకుండా బతికినది ఇంకేదైనా తీసుకెళ్ళకూడదని ఉందా అండీ అందులో?"

ఉన్న ఇంగ్లీషంతా కూడదీసుకుని చదివాను. లేదు. నా చదువు మా ఇంటికి ఉపయోగపడిన సందర్భం ఇంతవరకూ ఇదొక్కటే.

పోలమ్మ బుట్టలో చెయ్యి పెట్టి ఒక బాతుని తీసింది. దాని మెడకి ఇంత పసుపు రాసింది. గుల్ల కుప్పమీద, శిఖరాన, కూర్చోబెట్టింది. డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి తోసేసింది. ఇది అమ్మేది కాదు బాబూ, పెట్టేది అంది.

బాతు ఒకసారి కిందికి చూసి, కాళ్ళు ముడుచుకుని, గుల్లమీద స్థిరపడింది. ఉద్యోగం పర్మనెంటు అయినవాళ్ళు అలా కూర్చుంటారు.

తిరుగు కాలవ

పడవ అందింది. గూడెం చేరేదాకా ఆ బాతు గుల్ల దిగలేదు. ప్రతి లాకు దగ్గరా ఒడ్డున జనం దానిని చూసి, తరవాత నన్ను చూసి, మళ్ళీ దానినే చూశారు. వెనకాల లాకులు ఒకటొకటిగా మూతపడుతున్నాయని సరంగు చెప్పాడు. నాకు ఒక రాజుగారి ఊరేగింపులో వెనక నడిచే బంటులా అనిపించింది. రాజుగారు మధ్యమధ్య రెట్ట వేస్తున్నారు.

రేవులో నాన్నగారు నిలబడి ఉన్నారు. సున్నానికి పంపితే బాతుని తెచ్చావేమిట్రా అన్నారు. బాతుకింద గుల్ల ఉందని చూపించాను. ఆయన బాతునే చూస్తున్నారు.

నాయనమ్మకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను, కూర సంగతి తప్ప. ఆవిడ పోలమ్మని మెచ్చుకుంది. ఆ బాతుని ఎవరైనా కోద్దామని చూస్తే చేతులు విరగ్గొడతానంది. ఆ సాయంత్రం సావిట్లో ఆవిడ మంచానికి ఒక పక్క దూడ, ఇంకో పక్క బాతు.

సాయిబుగారు బట్టీ వెలిగించారు. గుల్ల తెల్లగా కాలింది. గానుగలో సున్నం ఆడారు, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపారు, ఆడవాళ్ళు వరసగా కూర్చుని పాడుతూ చెక్కలతో డాబా బాదారు. బెల్లం నీళ్ళ తొట్టి దగ్గర బాతుని కాపలా కాయవలసి వచ్చింది. అది తాగడమే కాదు, అందులో ఈదింది కూడా. ఆ రోజు కలిపిన సున్నం కొంచెం గట్టిగా పట్టిందని తాపీమేస్త్రి అభిప్రాయం.

మృగశిర కార్తె మొదటి వాన మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. అందరం విస్తళ్ళ దగ్గర నుంచి లేవకుండానే తలలెత్తాం. నాన్నగారు, తాపీమేస్త్రి, చూద్దామని వచ్చిన ఖాసీం సాయిబుగారు, నేను. పైన వాన దంచుతోంది. కింద మేం తలలు వెనక్కి వాల్చి, కళ్ళు కప్పుకి గుచ్చి, నోళ్ళు తెరుచుకుని అలాగే ఉండిపోయాం. సూర్యనారాయణగారు ఆ సమయానికి వచ్చి ఉంటే మమ్మల్నందరినీ చచ్చినవాళ్ళ కింద లెక్కేసి పర్మిట్ ఇచ్చేసేవారు.

చుక్క పడలేదు. వాన పెరిగింది. చుక్క పడలేదు. పెరట్లో బాతు ఒక్కటే వానలో తడుస్తూ, ఇంత మంచి వానని లోపలికి రానివ్వకుండా వీళ్ళకి ఏం ఒరిగిందా అన్నట్టు తిరుగుతోంది.

"కప్పు నిలిచిందిరా" అంది నాయనమ్మ. "ఇక నోళ్ళు మూయండి."

అందరం మూసుకున్నాం. బతికే ఉన్నామని తేలింది.